నరాల బిళ్ల – అడిగి వేసుకుందాము

ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మన పల్లెల్లో పెద్దవాళ్లు వెంటనే ఇళ్లకు పోరు. మందిరం ముందు వేపచెట్టు క్రింద కాసేపు నిలబడి ఒకరి కష్టసుఖాలు ఒకరు అడుగుతారు. మార్కాపురం, గిద్దలూరు వైపు సంఘాలకు మేము వెళ్లినప్పుడు ఆ మాటల మధ్య ఒక మాట పదే పదే మా చెవిన పడింది. అది "నరాల బిళ్ల". "అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టున్నాయి వదినా, రాత్రంతా నిద్ర లేదు" అని ఒకరంటే, "నా దగ్గర నరాల బిళ్లలున్నాయి, రెండు తీసుకుపో, తెల్లారేసరికి సలుపు పోద్ది" అని మరొకరు సంచిలో నుండి అట్ట తీస్తారు. ప్రేమతో ఇచ్చే బిళ్లే అది. అయినా ఆ ప్రేమ ఒక్కొక్కసారి ఎంత పని చేస్తుందో చెప్పాలనే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

గిద్దలూరుకు అవతల ఒక పల్లెలో మాకు బాగా తెలిసిన ఒక అవ్వ ఉన్నది. వయస్సు డెబ్బై దాటింది. షుగరు వచ్చి చాలా ఏండ్లయింది. పాదాలు మంటలు, తిమ్మిర్లు. పొరుగింటి ఆమెకు పట్నంలో డాక్టరుగారు వ్రాసిన బిళ్లలనే ఈమె కూడా మందుల షాపులో అట్ట చూపించి తెప్పించుకున్నది. మొదటి రెండు రాత్రులు హాయిగా నిద్ర పట్టింది. మూడవ రోజు నుండి పగలు కూడా మత్తుగా ఉన్నది, మాట ముద్దగా వచ్చింది. ఇంట్లోవారు షుగరు పడిపోయిందేమోనని చక్కెర నీళ్లు ఇచ్చారు. నాలుగవ రాత్రి దొడ్లోకి పోదామని లేచి తూలి పడిపోయింది. మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే, అవ్వ మూత్రపిండాలు సగానికి పైగా పని తగ్గించుకొన్నాయని తెలిసింది. పొరుగింటి ఆమెకు సరిపోయిన మోతాదు ఈ అవ్వ ఒంట్లో బయటికి పోయే దారి లేక రోజు రోజుకూ పేరుకున్నది. బిళ్ల తప్పు లేదు, ఇచ్చిన ఆమె మనస్సు తప్పు లేదు. అడగకుండా వేసుకోవడమే తప్పు.

నరాల నొప్పి అంటే ఏమిటి?

కాలికి రాయి తగిలితే నొప్పి పుడుతుంది. అది దెబ్బ తగిలినదని చెప్పే కబురు. గాయం మానితే కబురు ఆగిపోతుంది. నరాల నొప్పి అట్లాంటిది కాదు. ఇక్కడ కబురు తెచ్చే నరమే పాడైంది. దెబ్బ లేకపోయినా అది కబుర్లు పంపుతూనే ఉంటుంది. అందుకే ఈ నొప్పికి గుర్తులు వేరుగా ఉంటాయి: మంట, సూదులు గుచ్చినట్టు పోట్లు, చీమలు పాకినట్టు జలదరింపు, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం, ఒక ప్రక్క మంట ఉండగానే మరొక ప్రక్క స్పర్శ తెలియకపోవడం. రాత్రిపూట ఎక్కువ కావడం కూడా దీని స్వభావమే.

మన ఇళ్లలో దీనికి ఎక్కువగా కనబడే కారణం షుగరు జబ్బు. రెండవది అక్కి. నడుము నుండి పిక్క దాకా లాగే నొప్పి మూడవది. వీటితో పాటు విటమిన్ బి12 లోపం, ఏండ్ల తరబడి త్రాగుడు, క్షయ మందులలో ఒకటైన ఐసోనియాజిడ్ వలన కలిగే నరాల బలహీనత కూడా ఉన్నాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడేవారిలో బి12 తగ్గవచ్చును. క్షయ మందులు వాడేవారికి డాక్టర్లు బి6 విటమిన్ బిళ్ల కలిపి ఇవ్వడం ఈ నరాల రక్షణ కొరకే.

కుష్ఠును కూడా మరచిపోకూడదు. దేశం మొత్తం మీద పదివేల మందికి ఒకరి కంటే తక్కువ స్థాయికి ఆ వ్యాధి 2005లో దిగివచ్చింది గాని, అక్కడక్కడ కొత్త రోగులు ఇంకా కనబడుతూనే ఉన్నారు. చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన లేక ఎర్రటి మచ్చ, దానితో చేతి నరమో కాలి నరమో లావెక్కి నొప్పి పెట్టడం ఉంటే నరాల బిళ్లతో కాలక్షేపం చేయరాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. మందు అక్కడ ఉచితం. ఆలస్యమైతే వ్రేళ్లు వంకర పోతాయి.

ఈ బిళ్ల ఎక్కడిది?

నరాల బిళ్ల అని మనం పిలిచేది ఒక మందు కాదు. చాలా అట్టల మీద ఉండే పేర్లు రెండు: గాబాపెంటిన్, ప్రీగాబాలిన్. ఇవి అన్నదమ్ముల వంటివి. గాబాపెంటిన్ మొదట మూర్ఛరోగం కొరకు వచ్చింది. అమెరికా దేశపు ఔషధ శాఖ 1993 డిసెంబరులో దానిని మూర్ఛకు తోడు మందుగా అనుమతించింది. అక్కి తగ్గిన తరువాత మిగిలిపోయే నొప్పికి వాడవచ్చునని 2002లో అనుమతి ఇచ్చింది. ప్రీగాబాలిన్ 2004లో షుగరు వలన వచ్చే నరాల నొప్పికి, అక్కి నొప్పికి అనుమతి పొందింది.

ఈ చరిత్రలో మనం నేర్చుకోదగిన సంగతి ఒకటి ఉన్నది. గాబాపెంటిన్‌ను అనుమతి లేని ఎన్నో జబ్బులకు కూడా వాడమని డాక్టర్ల మధ్య ప్రచారం చేసినందుకు వార్నర్-లాంబర్ట్ అనే కంపెనీ 2004లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకొన్నది. కట్టిన మొత్తం 43 కోట్ల డాలర్లు. అంత పెద్ద దేశంలోనే ఈ బిళ్లను అవసరానికి మించి అమ్మారంటే, మన ఊరి అంగడిలో అన్నిటికీ ఇదే ఇవ్వడం వింత కాదు.

ఇది ఎట్లా పని చేస్తుంది? కంభం చెరువు తూము చూసినవారికి సులభంగా తెలుస్తుంది. తూము పూర్తిగా ఎత్తి ఉంటే కాలువ పొంగి పొర్లుతుంది. తలుపు కొంచెం దించితే ఉరవడి తగ్గుతుంది. పాడైన నరం చివర నుండి నొప్పి కబురు మోసే రసాయనాలు అతిగా విడుదల అవుతుంటాయి. ఈ మందు ఆ తూము తలుపును కొంచెం దించుతుంది. అంతే. తెగిన కట్టను ఇది పూడ్చదు. అంటే నరాన్ని బాగు చేయదు, నరానికి బలం ఇవ్వదు. బలం బిళ్ల అని వాడేవారు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి.

కొన్ని అట్టల మీద పేరు చివర "ఎం" అనే అక్షరం ఉంటుంది. సాధారణంగా అది మిథైల్‌కోబాలమిన్, అంటే బి12 కలిపారని అర్థం. "ఎన్‌టి" అని ఉంటే నార్ట్రిప్టిలిన్ అనే మరొక మందు కలిసి ఉన్నది. ఈ రెండవదాని వలన నోరు ఎండిపోతుంది, మలబద్ధం వస్తుంది. ప్రోస్టేటు వాపు ఉన్న ముసలివారికి మూత్రం బిగుసుకుపోవచ్చును. కొన్ని రకాల గుండెజబ్బు ఉన్నవారికి, కంటిలో నీటి ఒత్తిడి ఉన్నవారికి ఇది ప్రమాదం కావచ్చును. అందుకే అట్ట రంగు చూసి కాదు, పేరు పూర్తిగా చదివి కొనాలి.

ఎవరికి మేలు? ఎవరికి కాదు?

షుగరు వలన పాదాల మంటలు గల వారికి గాబాపెంటిన్ ఇచ్చి చూసిన పరీక్షలన్నిటినీ 2017లో కాక్రేన్ సంస్థ వారు కలిపి లెక్క కట్టారు. మందు వేసుకున్న ప్రతి 100 మందిలో 38 మందికి నొప్పి సగమో అంతకంటె ఎక్కువో తగ్గింది. మందు లేని ఉత్త బిళ్ల వేసుకున్నవారిలో 21 మందికి కూడా అంతే తగ్గింది. అక్కి నొప్పిలో ఈ లెక్క 32, 17. అంటే మందు పని చేసే మాట నిజమే, అందరికీ చేయదనే మాట కూడా నిజమే. చెప్పిన మోతాదులో కొన్ని వారాలు వాడినా మార్పు లేకపోతే, "ఇంకొకటి ఎక్కువ వేసుకుందాం" అనుకోకుండా డాక్టరుగారితో చెప్పాలి. అమిట్రిప్టిలిన్, డ్యూలాక్సెటిన్ వంటి వేరే మందులు ఉన్నాయి. ముఖం మీద ఒక ప్రక్క కరెంటు కొట్టినట్టు వచ్చే నొప్పికైతే మొదట వాడే మందే వేరు, దాని పేరు కార్బమజెపిన్.

నడుము నుండి కాలికి లాగే నొప్పికి మన వైపు ఈ బిళ్ల చాలా ఎక్కువగా వాడుతున్నారు. మార్కాపురం పలకల పనిలో దినమంతా గొంతుకూర్చున్నవారు, మిరప కోతలకు వంగినవారు, బస్తాలు మోసినవారు ఈ నొప్పితోనే వస్తారు. ఆస్ట్రేలియా దేశంలో ఇట్లాంటి నొప్పి గల 209 మందికి ప్రీగాబాలిన్ లేక ఉత్త బిళ్ల ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. కాలి నొప్పిలో రెండు గుంపులకూ చెప్పుకోదగిన తేడా లేదు. కళ్లు తిరగడం మాత్రం మందు వేసుకున్నవారికే ఎక్కువైంది. ఇట్లాంటి నొప్పి చాలామందికి కొన్ని వారాలలో తనంతట తానే తగ్గుముఖం పడుతుంది. మంచం పట్టకుండా కొద్దికొద్దిగా నడవడమే దానికి మేలు. మోకాళ్ల అరుగుదలకు, ఒళ్లు నొప్పులకు, నీరసానికి కూడా ఈ బిళ్ల మందు కాదు.

అక్కి విషయంలో మరొక మాట. నడుముకో రొమ్ముకో ఒక ప్రక్కనే పట్టీ కట్టినట్టు నీటి పొక్కులు లేస్తే మన పల్లెల్లో మొదట అక్కి రాయించుకోవడానికి పోతారు. ఎర్రమన్నుతో రాయించుకున్నంత మాత్రాన హాని లేకపోవచ్చును గాని, ఆ తిరుగుడులో మొదటి మూడు రోజులు గడిచిపోతాయి. అక్కిని కలిగించే వైరసును అణచే మందు పొక్కులు లేచిన 72 గంటలలోపు మొదలుపెడితేనే బాగా పని చేస్తుంది. కన్ను దగ్గర పొక్కులు లేస్తే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. ఏబై దాటినవారికి అక్కి రాకుండా వేసే టీకా 2023 నుండి మన దేశంలో దొరుకుతున్నది. ఖరీదు ఎక్కువే.

మన నీళ్లు, మన ఎముకలు, మన మూత్రపిండాలు

ఈ బిళ్లను గూర్చి పట్నం పత్రికలో వ్రాస్తే ఇంతటితో సరిపోయేది. మన ప్రాంతానికి సరిపోదు. కారణం మన బోరు నీళ్లు.

ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడక ముందు మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడు మనుష్యుల ఎముకలను ఎట్లా పాడు చేస్తున్నదో 1937లోనే షార్ట్, మెక్‌రాబర్ట్, వారి తోటి వైద్యులు ఒక వైద్య పత్రికలో వ్రాశారు. మన దేశంలో ఈ ఎముకల జబ్బును గూర్చి వచ్చిన మొదటి వ్రాతలలో అది ఒకటి. అంటే పల్లె పల్లెలో గార పట్టిన పళ్లు, వంగని మెడలు మన తాతల కాలం నాటి కథ.

త్రాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చుననీ మన దేశపు ప్రమాణం. ఏండ్ల తరబడి ఎక్కువ ఫ్లోరైడు త్రాగితే వెన్నెముక మందమై, దాని కట్లు రాయిలాగా గట్టిపడి, లోపలి వెన్నుపామునూ నరాలనూ నొక్కుతాయి. అప్పుడు కలిగే తిమ్మిర్లు, మంటలు, కాళ్ల బలహీనత అచ్చం షుగరు నొప్పిలాగానే కనబడవచ్చును. ఇక్కడ నరాల బిళ్ల మంటను కొంచెం తగ్గిస్తుంది గాని నొక్కుడు తీయదు. కాళ్లు బిగుసుకుపోయి నడక మారితే, చేతి పట్టు తగ్గితే, మల మూత్రాలు అదుపు తప్పితే అది బిళ్ల మార్చుకునే సమయం కాదు. మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కి గుంటూరుకో నంద్యాలకో పోయి వెన్నెముక డాక్టరుకు చూపించుకోవలసిన సమయం.

నీళ్లు కాచి త్రాగితే ఫ్లోరైడు పోతుందని చాలామంది నమ్ముతున్నారు. పోదు. కాచినకొద్దీ నీరు ఇగిరి ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడగట్టినా, కుండలో నిలువ ఉంచినా పోదు. సరిగా నడిచే ఆర్‌.ఓ. యంత్రం తగ్గిస్తుంది. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి కూడా తగ్గిస్తుంది. అన్నిటికంటె మేలైనది వాన నీరు, నది నీరు. వెలిగొండ నీటి కొరకు ఈ ప్రాంతం ఇన్ని ఏండ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురు చూసిందంటే కారణం పంటలు మాత్రమే కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. ఎముకల నొప్పి ఉన్నవారు ఊరికే ఉండలేరు. సాయంత్రానికి ఆర్‌.ఎం.పి. దగ్గర ఒక నొప్పి సూది, అంగడిలో రెండు నొప్పి బిళ్లలు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి బిళ్లలు రోజూ వాడితే, ముఖ్యంగా ఎండలో చెమటోడ్చి నీళ్లు తక్కువ త్రాగే కూలివారిలో, మూత్రపిండాలు దెబ్బ తింటాయి. షుగరు, రక్తపోటు వాటిని వేరే ప్రక్క నుండి తింటాయి. కిడ్నీ జబ్బు కనిగిరి, మార్కాపురం వైపు మండలాలలో ఎవరికీ కొత్త మాట కాదు.

గాబాపెంటిన్ గాని ప్రీగాబాలిన్ గాని ఒంటిలోపల కరిగి మారేవి కావు. దాదాపు మొత్తం మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. ఆ దారి సన్నబడితే మందు లోపల పేరుకుంటుంది. అందుకే మూత్రపిండాల పని తగ్గినకొద్దీ డాక్టర్లు మోతాదును సగానికి, పావుకు తగ్గిస్తారు. డయాలసిస్ చేయించుకునేవారికి లెక్క మరీ వేరు. ఒక మనిషికి 75 మిల్లీగ్రాములు మందైతే మరొక మనిషికి అదే మత్తు. నీళ్లు ఎముకలను పాడు చేస్తే, ఎముకల నొప్పికి వాడిన బిళ్లలు మూత్రపిండాలను పాడు చేస్తే, ఆ మూత్రపిండాలు నరాల బిళ్లను విషంగా మార్చే గొలుసు మన ప్రాంతంలో తయారైంది. అవ్వ పడిపోయింది ఆ గొలుసుకు తట్టుకొనే.

గనుక నరాల బిళ్ల మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించమని అడగండి. బక్కచిక్కిన ముసలివారిలో కండ తక్కువ గనుక ఆ అంకె మామూలుగా కనబడినా మూత్రపిండాలు బలహీనంగా ఉండవచ్చును. వయస్సు కలిపి లెక్క కట్టే ఈ.జి.ఎఫ్‌.ఆర్. అంకె ఎంతో కూడా అడగండి. అడిగితే డాక్టరుగారు కోపపడరు.

కలుగగల ఇబ్బందులు

ప్రీగాబాలిన్ వేసుకున్న ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురికి కళ్లు తిరుగుతాయి. ఇద్దరికి మించి మత్తు ఉంటుంది. చాలామందికి మొదటి వారాలలో ఇది ఎక్కువగా ఉండి తరువాత సర్దుకుంటుంది. ఆ రోజులలో బండి, ట్రాక్టరు నడపరాదు. చొప్ప కోసే యంత్రం, పలక కోసే యంత్రం దగ్గర కూర్చోరాదు. బావి గట్టున, మేడ మెట్ల మీద జాగ్రత్త. ముసలివారు రాత్రి లేవవలసి వస్తే ఒక నిమిషం మంచం మీద కూర్చుని, తరువాత గోడ పట్టుకొని నడవాలి. దొడ్డి దారిలో ఒక దీపం వెలుగుతూ ఉండనివ్వండి.

చూపు మసకబారడం, నోరు ఎండడం, మలబద్ధం, మాట తడబడడం, మతిమరుపు, బరువు పెరగడం కూడా కలుగవచ్చును. షుగరు ఉన్నవారికి బరువు పెరగడం చిన్న సంగతి కాదు. పాదాలు వాచవచ్చును. ఈ వాపును చూసి కిడ్నీ వాపు అనుకొని బెదరవద్దు, బిళ్ల వాపు అనుకొని ఊరుకోవద్దు. చూపించుకోండి. గుండె బలహీనత ఉన్నవారికి, షుగరుకు పయోగ్లిటజోన్ వాడేవారికి ఈ వాపు ఎక్కువ కాగలదు.

అరుదుగా కలిగే ప్రమాదాలు ఇవి: ముఖం, నాలుక, గొంతు వాయడం. ఊపిరి నిదానించి మనిషిని లేపినా లేవకపోవడం. అప్పుడు 108కి ఫోను చేయండి. ఆయాసం జబ్బు ఉన్నవారిలో, ముసలివారిలో, మత్తు మందులతో కలిపి వాడేవారిలో ఊపిరికి ప్రమాదమని అమెరికా ఔషధ శాఖ 2019లో హెచ్చరించింది. మరి కొందరికి దిగులు పెరిగి ప్రాణం తీసుకోవాలనే తలంపు రావచ్చును. ఇంట్లో మాట తగ్గించి ఒంటరిగా కూర్చునేవారిని గమనించండి, మందలించకుండా మాట్లాడండి, డాక్టరుగారికి తెలియజేయండి. టెలి మానస్ వారి 14416 అనే నెంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చును.

ఈ బిళ్లకు అలవాటు పడేవారు కూడా ఉన్నారు. మత్తు కొరకు ఎక్కువ మోతాదులో మ్రింగేవారి సంఖ్య పెరిగినందున బ్రిటన్ దేశం 2019 ఏప్రిల్‌లో ఈ రెండు మందులనూ అదుపులో ఉంచవలసిన మందుల జాబితాలో చేర్చింది. తాతగారి బిళ్లలు పడుచువాళ్ల చేతికి అందకుండా పెట్టెలో ఉంచడం మంచిది.

దేనితో కలపరాదు? ఎట్లా ఆపాలి?

సారాయితో గాని మరి ఏ మద్యంతో గాని కలపరాదు. నిద్ర బిళ్లలు, మత్తు కలిగించే దగ్గు మందు, ట్రమడాల్ వంటి గట్టి నొప్పి మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాస్ మందు గాబాపెంటిన్‌ను సరిగా ఒంటికి పట్టనివ్వదు గనుక గ్యాస్ మందు త్రాగిన రెండు గంటల తరువాత బిళ్ల వేసుకోవాలి. గర్భిణీ స్త్రీలు, పిల్లలను కనాలనుకునేవారు ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పాలి. ప్రీగాబాలిన్ వలన కడుపులోని బిడ్డకు లోపాలు కలిగే అపాయం కొద్దిగా పెరుగుతుందని 2022లో బ్రిటన్ ఔషధ శాఖ తెలిపింది.

చివరిగా, చాలా ముఖ్యమైనది. ఈ బిళ్లను ఉన్నట్టుండి ఆపరాదు. మా ఎరుకలో ఒక సహోదరుడు మూడు రోజుల ఉపవాస కూడికలో తన బిళ్లలన్నీ ఇంట్లోనే వదిలివచ్చాడు. విశ్వాసంతోనే వదిలాడు. రెండవ రాత్రికి చెమటలు, వాంతులు, గుండెదడ. నిద్ర లేదు, నొప్పి రెండింతలై వచ్చింది. చుట్టూ ఉన్నవారు వేరే ఏదో అనుకొని భయపడ్డారు. అది మందు అకస్మాత్తుగా మానిన ఫలితమే. మూర్ఛ ఉన్నవారైతే ఫిట్స్ కూడా రావచ్చును. మందు మానాలంటే కనీసం వారం రోజులకు తక్కువ కాకుండా, డాక్టరు చెప్పిన ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించాలి. ప్రార్థనకూ మందుకూ పోరు లేదు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడే గదా. సంఘకాపరులు కూడికల ముందే ఈ మాట ప్రకటన చేస్తే ఎంతో మేలు. ఉపవాసం ఉండదలచిన షుగరు రోగులు, బిళ్లలు వాడేవారు ముందుగా డాక్టరును అడగాలి.

మనం చేయగలిగినది

బిళ్లకంటె ముందు పాదాలు చూసుకుందాము. షుగరు ఉన్నవారు ప్రతి రాత్రి రెండు అరికాళ్లు దీపం వెలుగులో చూసుకోవాలి, కనబడకపోతే మనుమరాలిని చూడమనాలి. చెప్పులు లేకుండా చేలోకి పోరాదు. వేడినీళ్లు పాదాల మీద పోసుకునే ముందు మోచేతితో చూడాలి. కాపడం, వేడి ఇటుక పెట్టరాదు. స్పర్శ లేని కాలు కాలినా తెలియదు.

ప్రతి ఇంటిలో ఒక చిన్న కాగితం మీద ఈ సంగతులు వ్రాసి కళ్లద్దాల పెట్టెలో ఉంచండి: ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఎవరు వ్రాశారు, ఎప్పటి వరకు వాడమన్నారు, చివరి క్రియాటినిన్ ఎంత. ఏ డాక్టరు దగ్గరకు పోయినా ముందు ఆ కాగితం చూపించండి. చదువు రానివారికి స్త్రీల సమాజం సహోదరీలు, యవ్వనస్థులు వ్రాసిపెట్టవచ్చును. ఒక్క ఆదివారం మధ్యాహ్నం చాలు, ఊరిలోని పెద్దలందరి కాగితాలూ తయారవుతాయి. ఆశా కార్యకర్తను కూడా పిలిస్తే ఇంకా మంచిది. అదే రోజు ఊరి బోరు నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపించే పని కూడా మొదలుపెట్టవచ్చును.

అవ్వ సంగతి చెప్పి ముగిస్తాము. ఆమె చెయ్యి అతుక్కున్నది. డాక్టరుగారు ఆమె మూత్రపిండాలకు తగినట్లు మోతాదు బాగా తగ్గించి, రాత్రి ఒక్కసారే వేసుకోమన్నారు. నొప్పి సూదులు మాన్పించారు. మంట పూర్తిగా పోలేదు గాని నిద్రపోగలుగుతున్నది. మొన్న వేపచెట్టు క్రింద ఎవరో "అవ్వా, ఆ బిళ్ల ఒకటి నాకూ ఇయ్యి" అని చెయ్యి చాపారు. అవ్వ బిళ్ల ఇవ్వలేదు. సంచిలో నుండి తన కాగితం తీసి చూపించి, "ఇది నా కొలతకు కుట్టిన రవికె. నీ కొలత నువ్వు ఇప్పించుకో. కావాలంటే మంగళవారం బస్సుకు నీ వెంట నేనూ వస్తాను" అన్నది.

ఇరుగుపొరుగు ప్రేమ అంటే అట్లా ఉండాలని మేము అనుకుంటున్నాము.